జీతం మాట పక్కన పెడితే ఏ విమానం?

విమానం నడిపేవాళ్ళను అడగదగ్గ మంచి ప్రశ్న ఒకటుంది. "అయ్యా, మీకు జీతం గొడవ లేదనుకోండి. ఇల్లు గడిచిపోతుంది, అప్పులు లేవు, పిల్లల చదువులకు ఢోకా లేదు. అప్పుడు ఏ విమానం నడుపుతారు? ఎక్కడ నడుపుతారు?" మనమైతే జవాబు చటుక్కున చెప్పేస్తాం. ఇంకేముంది, రెండంతస్తుల పెద్ద విమానం, భుజాల మీద నాలుగు బంగారు పట్టీలు, రాత్రి భోజనం హైదరాబాదులో, పొద్దున కాఫీ లండన్‌లో! విమానం ఎక్కనివాడి ఊహ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

కిందటేడు మన కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థుల్లో ఒకాయన విమాన సంస్థలో కెప్టెన్. ప్రశ్నలు అడగమన్నప్పుడు నేను లేచి ఇదే అడిగాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. "రెండు సీట్ల చిన్న విమానం. రోడ్డు లేని కొండ ఊళ్ళకి మందులూ ఉత్తరాలూ తీసుకుపోయి దింపి, వాళ్ళిచ్చిన టీ తాగి వెనక్కి రావటం" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ జవాబు నన్ను పట్టుకుంది. అప్పట్నుంచీ దొరికిన మేరకు పైలట్ల జీవిత కథలూ, వాళ్ళతో జరిపిన ముఖాముఖీలూ చదువుతూ వచ్చాను. చిత్రమేమిటంటే, డబ్బు మాట తీసేసరికి చాలామంది నోట పెద్ద విమానం మాట రాదు. ఉత్తరాలు మోసే విమానం అంటారు. డాక్టర్ని తీసుకుపోయే విమానం అంటారు. అడవి మంటల మీద నీళ్ళు పోసే విమానం, ఇంజనే లేని గ్లైడరు, పైరు మీద మందు కొట్టే విమానం, కొత్తవాళ్ళకి నేర్పే పాత విమానం, ఇవే. జీతం తక్కువ, దుమ్ము ఎక్కువ, ప్రమాదం ఇంకా ఎక్కువ ఉన్న పనులు. ఇది ఎందుకని?

ఉత్తరాల సంగతే తీసుకుందాం. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక విమాన తపాలా మన దేశంలోనే ఎగిరిందని మనలో ఎంతమందికి తెలుసు? 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ఆన్రీ పెకే అనే ఇరవైమూడేళ్ళ ఫ్రెంచి కుర్రాడు సుమారు 6,500 ఉత్తరాలు వేసుకుని యమున దాటి నైనీలో దిగాడు. దూరం పది కిలోమీటర్లు. పట్టిన సమయం పదమూడు నిమిషాలు. ఉత్తరానికి ఆరణాల చొప్పున వసూలు చేసి, ఆ సొమ్ము అక్కడి విద్యార్థుల హాస్టలు ఒకదానికి ఇచ్చారు. (మన హాస్టలు కమిటీ మిత్రులు గమనించ ప్రార్థన.)

ఆ తర్వాతి పేరు జె.ఆర్.డి. టాటా. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్సు ఆయనదే. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయి దాకా పుస్ మాత్ అనే చిన్న విమానంలో తపాలా సంచులు తెచ్చాడు. అహ్మదాబాదులో దిగినప్పుడు విమానానికి పోయవలసిన పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయట! బొంబాయి నుంచి ఆ తపాలాను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఎయిర్ ఇండియా పుట్టుక అదీ. 1982లో, ఆ ప్రయాణానికి యాభై ఏళ్ళు నిండిన రోజున, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో టాటా మళ్ళీ కరాచీలో అలాంటి చిన్న విమానమే ఎక్కి ఒంటరిగా బొంబాయి వచ్చి దిగాడు. అప్పటికి ఎయిర్ ఇండియాకి జంబో జెట్లున్నాయి. మెత్తటి సీటులో కూర్చుని రావచ్చు. కోరుకున్నది మాత్రం ఆ ఒంటరి ప్రయాణాన్నే. జీతం మాట నిజంగా పక్కన పెట్టగలిగిన మనిషి ఏం ఎంచుకుంటాడు అనేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

'లిటిల్ ప్రిన్స్' రాసిన సేంతెగ్జూపెరీ కూడా ఉత్తరాల పైలటే. 1926లో తూలూజ్ నుంచి ఆఫ్రికా తీరం వెంట తపాలా మోసే కంపెనీలో చేరాడు. మరుసటి సంవత్సరం కేప్ జూబీ అనే చోట, ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఎడారి తప్ప మరేమీ లేని విమానాశ్రయానికి అధికారి అయ్యాడు. ఇసుకలో కూలిన తోటి పైలట్లను వెతికి తీసుకురావటం కూడా ఆయన పనుల్లో ఒకటి. పేరూ డబ్బూ వచ్చాక కూడా విమానం వదల్లేదు. 1944 జులై 31న యుద్ధ విమానంలో ఫొటోలు తీయటానికి వెళ్ళి తిరిగి రాలేదు.

ఆస్ట్రేలియాలో 1928 మే 17న క్లాన్‌కరీ అనే ఊరినుంచి డాక్టర్ని ఎక్కించుకుని ఒక చిన్న విమానం బయల్దేరింది. ఎగిరే డాక్టర్ల సర్వీసుకి అదే నాంది, ఈనాటికీ అది నడుస్తోంది. నేపాల్లో లుక్లా విమానాశ్రయం ఉంది. రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ ఏటవాలు, ఒక కొసన లోయ, ఇంకో కొసన కొండగోడ. తప్పిపోతే మళ్ళీ ప్రయత్నం లేదు. కెనడావాళ్ళ నీళ్ళ విమానం చెరువు మీద రాసుకుంటూ పోయి పన్నెండు సెకన్లలో దాదాపు ఆరువేల లీటర్లు నింపుకుని మంటల మీదికి పోతుంది. మన దేశంలో సియాచిన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపే సైనికుల సంగతి సరేసరి. గాలి పల్చబడి ఇంజను ఆయాసపడే చోట, హిమంలో చిక్కిన జవాను కోసం పోతారు. ఆ పనికి జీతం లెక్క కట్టేదెవరు?

ఈ పనులన్నిట్లో ఉమ్మడిగా కనిపించేవి నాకు రెండే. ఒకటి, విమానం మనిషి చేతిలో ఉంటుంది. రెండు, కింద ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు.

పెద్ద విమానంలో ఈ రెండూ పల్చబడ్డాయి. గాల్లోకి లేచిన కొద్దిసేపటికే కంప్యూటరు పగ్గాలు తీసుకుంటుంది. చివర్లో నేల దగ్గరపడేదాకా పైలట్ చేసేది ఎక్కువ భాగం కాపలా. అది తేలిక పని అని నేననటం లేదు. కాపలా కష్టం చేను కాసినవాడికి తెలుసు! కానీ 2013లో అమెరికా విమానయాన శాఖే, పైలట్లు అప్పుడప్పుడు చేత్తో నడపటం ప్రోత్సహించండి, లేకపోతే చెయ్యి మొద్దుబారుతుంది అనే అర్థంలో విమాన సంస్థలకు సూచన పంపవలసి వచ్చింది. ఇక ఎదురుచూసే మనిషి సంగతంటారా, వెనక రెండువందల మంది కూర్చుని ఉంటారు గానీ తలుపవతల ఉన్నది ఎవరో ఆ రెండువందల మందికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు. బస్సు డ్రైవరు మొహం మనలో ఎంతమంది చూస్తాం?

నా మట్టుకు నేను ఎంచుకునే విమానం ఏదో చెప్పి ముందుకు పోతాను. పైరు మీద మందు కొట్టే విమానం. నవ్వినా సరే. మాది పత్తీ మిరపా పండించే ఇల్లు. తైవాన్ స్ప్రేయరు వీపుకి తగిలించుకుని సాళ్ళ మధ్య నడిచిన వాడికి ఆ పని ఆకాశంలోంచి చెయ్యటం అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మొదటిసారి ఈ పని జరిగింది 1921 ఆగస్టు 3న, అమెరికాలో ఓహియో రాష్ట్రంలో. జాన్ మెక్రెడీ అనే సైనిక పైలట్ పురుగు పట్టిన చెట్ల తోపు మీద మందు పొడి చల్లాడు. ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద విమాన సంస్థల్లో ఒకటైన డెల్టా, పుట్టినప్పుడు పత్తి చేల మీద మందు చల్లే కంపెనీ! ఈ సంగతి మా నాన్నకి చెబితే "అంటే పత్తి ఎవరికో ఒకరికి కలిసొచ్చింది లెండి" అని మా అమ్మతో అన్నాడు.

ఈ పనిలోని నైపుణ్యం మామూలుది కాదు. పైరుకి మూడు మీటర్ల ఎత్తున, గంటకి రెండువందల కిలోమీటర్ల వేగంతో పోవాలి. అంటే సెకనుకి యాభైఅయిదు మీటర్లు. చేను చివర కరెంటు తీగలుంటాయి, చింతచెట్టుంటుంది. గట్టు రాగానే పైకి లేపి, వాల్చి, మలుపు తిప్పి, సాలు తప్పకుండా పక్క సాలు పట్టుకుని మళ్ళీ కిందికి దిగాలి. అరక దున్నేవాడు గట్టు దగ్గర ఎద్దుల్ని మళ్ళించటం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. కాకపోతే అక్కడ తప్పితే సాలు వంకరపోతుంది, ఇక్కడ తప్పితే మనిషే పోతాడు. మన ఫిజిక్సు క్లాసులో వృత్తాకార చలనం లెక్కలు బట్టీ పట్టాం గదా, వాటి ప్రాణం ఈ మలుపులో ఉంది. విమానం 60 డిగ్రీలు వాలి ఎత్తు తగ్గకుండా తిరగాలంటే రెక్కలు మామూలు బరువుకి రెండింతలు మోయాలి. అప్పుడు రెక్కల మీద గాలి పట్టు తప్పే వేగం, రెండు యొక్క వర్గమూలమంత రెట్లు పెరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు గంటకి 100 కిలోమీటర్ల దాకా వేగం తగ్గినా పడని విమానం, ఆ మలుపులో 141 దగ్గరే పడుతుంది. దీనికి తోడు మన ఎండలు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పల్చన. రెక్కకీ ఇంజనుకీ రెండిటికీ ఆ మేరకు బలం తగ్గినట్టే. టాంకు నిండా మందు, మిట్టమధ్యాహ్నం, ఎదర తీగలు, పక్కన సలహా చెప్పే రెండో పైలట్ లేడు. ఈ లెక్క పరీక్షలో తప్పితే నాలుగు మార్కులు పోతాయి, అంతే.

మన దేశంలో ఇలాంటి విమానం తయారైందని కూడా చాలామందికి తెలియదు. బెంగుళూరు హిందూస్తాన్ ఏరోనాటిక్స్ వారు 'బసంత్' అనే పేరుతో వ్యవసాయ విమానం చేశారు. అది 1972లో ఎగిరింది. నలభైకి లోపే తయారై, 1980 నాటికి ఆగిపోయింది. మా తాత చెప్పేవాడు, ఆ రోజుల్లో మా వైపు పత్తి మీద విమానంతో మందు కొట్టారని. ఎంతవరకు కొట్టిందీ పైలట్‌కి తెలియటానికి చేను కొసన తెల్ల జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. విమానం మీదుగా పోగానే ఆ మనిషి కొన్ని అడుగులు పక్కకి జరగాలి. ఒక రోజు ఆ జెండా పట్టుకున్నది మా తాతే. ఎంత కూలిచ్చారో ఆయనకి గుర్తులేదు. మూడు రోజులపాటు ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటి వాసన పోలేదన్నది మాత్రం చివరిదాకా చెప్పాడు.

నా కలలో ఈ జెండా మనిషి కూడా ఉన్నాడు కాబట్టి ఆయన్ని తప్పించుకుని పోలేను. కేరళలో కాసరగోడు జిల్లా జీడిమామిడి తోటల మీద 1970ల చివరినుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన బిడ్డల ఫొటోలు చూసినవాళ్ళెవరూ మరచిపోలేరు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందుని దేశమంతటా నిలిపివేసింది. పైనుంచి చల్లిన మందు గట్టు దగ్గర ఆగదు గదా. గాలి ఎటు పోతే అటు పోతుంది, బావిలోకీ పోతుంది, బడిలోకీ పోతుంది. యూరపు దేశాలు 2009లో విమానంతో మందు చల్లటాన్నే సామాన్యంగా నిషేధించాయి. ఆ హెలికాప్టరు నడిపిన పైలట్‌కీ అది కల ఉద్యోగమే అయి ఉండొచ్చు. కింద మనిషి ఎదురుచూస్తున్నాడా, లేక పారిపోతున్నాడా అని చూడకపోతే పైలట్ ఆనందం ఒక్కటే ఆ పనిని మంచి పని చెయ్యదు.

ఇవాళ ఆ పని డ్రోన్లు చేస్తున్నాయి. పదిలీటర్ల టాంకు, ఎకరం చేను పది నిమిషాలలోపు. 2023లో కేంద్ర ప్రభుత్వం పదిహేనువేల మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే పథకం ప్రకటించింది. మా పక్క ఊళ్ళో ఒకామె ఈ పని నేర్చుకుంది. మేమంతా 'డ్రోనక్క' అంటాం. గట్టు మీద చెట్టునీడన నిలబడి రెండు బొటనవేళ్ళతో చేనంతా తడిపేస్తుంది. మందు ఆమె వీపు మీద కారదు, జెండా పట్టుకునే మనిషి అక్కర్లేదు. నా కల విమానానికి ఇది చావుకబురే. అయినా నేను ఆ డ్రోను పక్షమే. ఆమె ఆకాశంలోకి పోలేదు నిజమే గానీ, పోయినవాళ్ళకంటే నేలని బాగా చూస్తోంది.

ఇంతవరకు ఒక ఎత్తు. ఇప్పుడు అసలు మాటకొస్తాను. 'జీతం మాట పక్కన పెడితే' అన్నప్పుడు వినటానికి బాగానే ఉంటుంది. కానీ జీతం మాట పక్కన పెట్టించేది ఎవరు? ఎవరి జీతం?

లోకంలో ఒక వింత న్యాయం ఉంది. మనిషి ఇష్టపడి చేసే పనికి కూలి తగ్గిస్తారు. విమానం నడపటం అంటే పడిచచ్చే కుర్రాళ్ళు క్యూ కట్టి ఉంటారు కాబట్టి, చిన్న విమానాల పనులకు జీతాలు కొంచెమే. అమెరికాలో 2013 తర్వాత విమాన సంస్థలో చేరాలంటే సామాన్యంగా 1,500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ గంటలు పోగేసుకోవటానికి కొత్త పైలట్లు ఏళ్ళ తరబడి తక్కువ జీతానికి ఇంకా కొత్తవాళ్ళకి పాఠాలు చెబుతారు. ఉత్తరాలు మోస్తారు, సామాన్లు మోస్తారు. పైలట్ శిక్షణ అప్పు మెడ మీద ఉంటుంది. "నీకు ఎగరటం ఇష్టం గదా" అనే ఒక్క మాటతో నెలజీతంలో సగం కోసెయ్యొచ్చు. కెప్టెన్ అయ్యాక, పిల్లలు స్థిరపడ్డాక, నాకు పాత రెండు సీట్ల విమానమే ఇష్టం అని చెప్పటం సులువు. అప్పుతో ఉన్న ఇరవైమూడేళ్ళ వాడికి ఆ రెండు సీట్ల విమానమే మెడకి చుట్టుకున్న పాము. ఇద్దరూ నడిపేది ఒకటే విమానం!

ఈ ప్రశ్నే సంక్రాంతి సెలవుల్లో మా నాన్నని అడిగాను. "నాన్నా, డబ్బు సంగతి లేదనుకో. నువ్వు ఏ పని చేస్తావు?" అన్నాను. ఆయన మిరప కల్లంలో తాలుకాయ ఏరుతున్నాడు. తల ఎత్తలేదు. "సేద్యమే చేస్తా. ఇప్పుడు చేసేది మాత్రం డబ్బు చూసుకునా ఏందిరా?" అన్నాడు. మా అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రైతు దగ్గర ఈ మాట ఎన్నాళ్ళనుంచో చెలామణీ అవుతోంది. నేలతల్లి, అన్నదాత, వ్యవసాయం వృత్తి కాదు జీవితం, ఇత్యాది. అదంతా విని చప్పట్లు కొట్టి, మార్కెట్ యార్డులో క్వింటాలుకి ధర చెప్పేటప్పుడు మాత్రం, ఎట్లాగూ పండించకుండా ఉండలేడు గదా అనే లెక్క వేస్తారు. ఇష్టాన్ని పొగిడేవాడు పక్కనే తక్కెడ పట్టుకుని ఉన్నాడేమో చూసుకోవాలి. పైలట్ అయినా, రైతు అయినా, ఆ మాటకొస్తే గెస్టు ఫ్యాకల్టీగా పనిచేసే మన లెక్చరర్లయినా.

అందుచేత నా ఉద్దేశంలో ఈ ప్రశ్నని లైసెన్సు వచ్చాక కాదు, లైసెన్సుకి ముందు అడగాలి. డబ్బు సంగతి లేకపోతే ఎవరు పైలట్ అయ్యేవాళ్ళు? మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సు కావాలంటే కనీసం రెండువందల గంటలు ఎగరాలి. అన్నీ కలుపుకుంటే అరకోటికి అటూ ఇటూగా అవుతుంది. ఆ పైన పెద్ద విమానం నడపటానికి వేరే శిక్షణ, దానికి వేరే లక్షలు. మాకున్నది నాలుగెకరాలు. లెక్క వేస్తే మా చేను అమ్మి నేను సుమారు రెండువందల గంటలు ఆకాశంలో ఉండొచ్చు. ఆ తర్వాత కిందికి దిగితే నిలబడటానికి నేల ఉండదు.

ఎప్పుడూ ఇట్లానే ఉందా? లేదు. 1928 నుంచి మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయినప్పుడు ప్రభుత్వం వాటికి ఆర్థిక సాయం చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం ఆ సాయం నడిచింది. అలాంటి క్లబ్బుల్లో ఒకటైన అలహాబాదు క్లబ్బులో నేర్చుకున్న ప్రేమ్ మాథుర్ 1947లో లైసెన్సు సంపాదించింది. ఆడపిల్ల అని ఎనిమిది కంపెనీలు కాదన్నాక, మన హైదరాబాదుకి చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెకి ఉద్యోగమిచ్చింది. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ఆమె. నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షంలోకి పోయాడంటే, ఎగరటం నేర్పిన ఖర్చు సైన్యానిది, వాళ్ళ నాన్నది కాదు. తలుపు ఎవరైనా తెరిచి పట్టుకుంటే లోపలికి పోయేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు.

పూర్తిగా మూసుకుపోలేదు కూడా. మన దగ్గర ఫిజిక్సూ లెక్కలూ చదివే వాళ్ళకి ఇది చెప్పేవాళ్ళు లేరు గానీ, వైమానిక దళంలో పైలట్ శాఖకి డిగ్రీ వాళ్ళు ఎఫ్‌క్యాట్ అనే పరీక్ష రాయొచ్చు. ఇంటర్లో ఫిజిక్సూ లెక్కలూ ఉండాలి, డిగ్రీలో అరవై శాతం ఉండాలి, వయసు ఇరవైకీ ఇరవైనాలుగుకీ మధ్య. ఆడపిల్లలూ రాయొచ్చు. అంటే మన ఫైనలియర్ క్లాసులో సగం మందికి ఇవాళ ఆ అర్హత ఉంది, మరో నాలుగేళ్ళకి ఎవరికీ ఉండదు. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరిన కాడెట్లకి మైక్రోలైట్ అనే చిన్న విమానంలో ఎగిరే అవకాశం ఇస్తారు, డబ్బు అడగరు. మన కాలేజీలో ఎన్.సి.సి. అంటే పరేడూ, పరేడయ్యాక పూరీలూ అనుకుంటున్నాం!

యూనియన్ మిత్రులకి ఒక విన్నపం. ఈ సావనీరుకి ప్రకటనలిచ్చిన బట్టల షాపుల వారూ, ఎరువుల కొట్ల వారూ, కోచింగ్ సెంటర్ల వారూ చల్లగా ఉండాలి. ఖర్చులు పోను మిగిలే సొమ్ములో కొంత, ఆర్కెస్ట్రాకి పోకుండా, ఎయిర్ వింగ్ ఉన్న దగ్గరి యూనిట్‌కి మనవాళ్ళు వారానికోసారి పోయి రావటానికి బస్సు చార్జీలకు కేటాయించండి. కళ్ళ పరీక్ష ముందే చేయించుకోవాలి. లోపం ఉంటే ఇప్పుడే తెలియటం నయం. దానికి మన ఊరి డాక్టరు ఒకరిని బతిమాలితే ఫీజు తీసుకోకుండా చూస్తారు. ప్రిన్సిపాలు గారికి ఇవ్వటానికి అర్జీ రాసి పెట్టాను. ఇప్పటికి ఏడు సంతకాలున్నాయి, అందులో రెండు ఆడపిల్లలవి. మిగిలినవాళ్ళు ఫిజిక్సు ల్యాబు పక్కన, సాయంత్రం నాలుగున్నర తర్వాత, నన్ను కలవొచ్చు.